తలుపు గంట – అనుమతి కోరే మర్యాద

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

ఇతరుల గుమ్మం ముందు నిలిచి కాలింగ్ బెల్ నొక్కడం మనకు చాలా చిన్న పని. కాని ఆ చిన్న పని ఒక దైవాజ్ఞతో ముడిపడి ఉంది. ఇంటివారి అనుమతి పొందకుండా, వారికి సలాం చెప్పకుండా పరుల ఇళ్లలో ప్రవేశించరాదని దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా 27వ ఆయత్ ఆదేశిస్తోంది. కనుక బెల్ అనుమతి కోరే సాధనమే గాని, తలుపు తీయించుకునే హక్కు కాదు. అది సలాంకు బదులు కూడా కాదు.

ఎన్నిసార్లు నొక్కాలి? హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఒకసారి హజ్రత్ ఉమర్ (రజి) ఇంటి వద్ద మూడుసార్లు అనుమతి కోరి, జవాబు రాకపోవడంతో వెనుదిరిగారు. కారణమడిగితే, అది దైవప్రవక్త (సఅసం) నేర్పిన పద్ధతి అన్నారు. ఉమర్ (రజి) సాక్ష్యం కోరగా హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఆ మాటను ధ్రువపరచారు. లోపలివారు నమాజులో ఉండవచ్చు. రోగికి అప్పుడే నిద్ర పట్టి ఉండవచ్చు. అందుచేత ఒక్కో పిలుపుకు నడుమ వ్యవధి ఇవ్వాలి.

"ఎవరు?" అని అడిగితే పేరు చెప్పాలి. హజ్రత్ జాబిర్ (రజి) "నేను" అని బదులిచ్చినప్పుడు ప్రవక్త (సఅసం) ఆ జవాబును ఇష్టపడలేదు. అలాగే ఆయన ఎవరి ఇంటికి వెళ్లినా తలుపుకు ఎదురుగా గాక, కుడి పక్కనో ఎడమ పక్కనో నిలిచేవారు. అనుమతి నియమం ఉన్నదే చూపును కాపాడటానికి. బెల్ నొక్కి కిటికీలోంచి తొంగిచూస్తే ఆ నియమం భంగమైనట్లే.

పడకగదికి బెల్ ఉండదు. అయినా ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తర్వాత పిల్లలు సైతం అనుమతి కోరాలని అదే సూరా 58వ ఆయత్ బోధిస్తోంది. ఈ అలవాటు మన ఇళ్లలోనే మొదలవ్వాలి.

సోదరులారా! తలుపు తెరుచుకోలేదని బంధుత్వాలు తెంచుకునేవారు మనలో ఉన్నారు. తిరిగి వెళ్లమంటే వెళ్లిపోవడమే మీకు పరిశుద్ధమని 28వ ఆయత్ చెబుతుండగా, ఇక అలకకు చోటెక్కడిది? తెరవని తలుపు ముందు నుండి ప్రసన్నమైన మనసుతో మరలిపోవడం కూడా విధేయతే.

ఇతరుల ఏకాంతాన్ని గౌరవించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.