సముద్రతీరమునుండి ఇంటికి తెచ్చుకొనదగినవి

మాఘపూర్ణిమకు పిల్లాపాపలతో హంసలదీవికో మంగినపూడికో పోయి సముద్రస్నానము చేసివచ్చుట మనవారి పాత ఆచారము. ఈనాడు సెలవులలో విశాఖపట్టణమునకో భీమునిపట్టణమునకో పోయి రెండుమూడు దినములు గడపివచ్చు కుటుంబములును పెక్కు కలవు. తిరిగి వచ్చునప్పుడు పిల్లలు గవ్వలు ఏరుకొందురు. పెద్దలు ఒక శంఖమును కొందురు. నాలుగు నెలలు గడచునప్పటికి అవి గూటిలో దుమ్ముపట్టి పడియుండును. (పగడములును, కొన్ని జాతుల గవ్వలును సేకరించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధమని పిల్లలకు చెప్పుట మంచిది.) ఇంటిని అందముగను సుఖముగను తీర్చుకొనగోరువారు తీరమున చూడవలసినవి వేరే కలవు.

అందు మొదటిది గాలి. పగటియెండకు నేల త్వరగా వేడెక్కును. నీరు మెల్లగా వేడెక్కును. నేలమీది గాలి వేడెక్కి పైకి లేవగా, ఆ చోటు నింపుటకు సముద్రముమీది చల్లనిగాలి లోనికి వీచును. రాత్రి నేలయే ముందు చల్లారును గనుక గాలి త్రోవ మార్చుకొని సముద్రమువైపు పోవును. సముద్రము లేని పల్లెలోను వేడిగాలి పైకే పోవును. మండువా లోగిలి కట్టిన మన పూర్వులు నడుమ ఆకాశము కనబడునట్లు విడిచినది వెలుతురుకొరకే కాదు, ఆ వేడిగాలి వెడలిపోవుటకును. మండువా లేని యింట గాలి ఒకవైపున ప్రవేశించి మరియొకవైపున వెడలవలెను. ఎదురుగోడకు కిటికీ ఉండియు, దానికి అడ్డముగా ఇనుపబీరువానో ధాన్యపు బస్తాలనో నిలిపిన యిండ్లు ఎన్ని లేవు! అట్టి యింట పంకా తిప్పినను ఉన్న వేడిగాలియే తిరుగుచుండును.

రెండవది చూరు. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరగ్రామములందు చుట్టిండ్లు నేటికిని అక్కడక్కడ కనబడును. గోడ గుండ్రముగా ఉండుటచే పెనుగాలి దానిని ఒరసికొని ప్రక్కలకు జారిపోవును. తాటాకు కప్పు ఇంచుమించు నేలవరకు దిగివచ్చి మట్టిగోడను వాననుండియు ఎండనుండియు కాపాడును. ఇవి ఉప్పెనకు సయితము నిలుచునని నేననను. 1977 నవంబరులో దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో వేలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. ఎండ గోడను తాకకున్నచో గది చల్లగా నుండునన్న మాటను మాత్రము మనము గ్రహింపవచ్చును. ఇప్పటి మిద్దెయిండ్లు పెక్కింటికి చూరు లేదు. పడమటిగోడకు చిన్న పందిరి వేసి తీగ ప్రాకించినను సాయంకాలపు వేడి చాలవరకు తగ్గును.

మూడవది తెలుపు. తీరమున గుల్లలను కాల్చి చేయు గుల్లసున్నము ఎంత తెల్లగా నుండునో తాంబూలము వేయు పెద్దలకు చెప్పనక్కరలేదు. తెల్లనిగోడ కొద్దిపాటి వెలుతురునే గదియంతట పరచును. సున్నపుపూత గోడలోని తేమను బయటికి పోనిచ్చును. నూనెరంగు దానిని లోపలనే బంధించును. అయితే ఒక హెచ్చరిక. సున్నము తీరమునుండి తెచ్చుకొనవచ్చును గాని, ఇసుక తేరాదు. సముద్రపుటిసుకలోని ఉప్పు తేమను పీల్చుచుండును. గోడపూత పెచ్చులూడును, లోని ఇనుపకమ్ములు త్రుప్పుపట్టును.

తెల్లనిగోడకు అలంకారము అధికముగా అక్కరలేదు. బందరుకు సమీపమున పెడనలో నేటికిని చెక్కఅచ్చులతో అద్దు కలంకారీ దుప్పటి ఒకటి మంచముపై పరచినను, ద్వారమునకు తెరగా వ్రేలాడగట్టినను గదికి నిండుతనము వచ్చును. పూర్వము ఆ యద్దకమున ఎరుపునకు చిరివేరును, నీలమునకు నీలిమందును వాడిరి. ఇనుపతుక్కును బెల్లమును నీట ఊరవైచి నలుపు తీసిరి. పదునేడవ శతాబ్దమున డచ్చివారు, ఆంగ్లేయులు వీనిని ఓడలకెత్తించి ఐరోపాకు కొనిపోయిరి. అచటివారు మంచములకును గోడలకును కట్టి మురిసిన వస్త్రములను మనము పెట్టెలో మడచి దాచుటేల? ఒకే గదిలో నాలుగు రకముల అద్దకములు మాత్రము పెట్టరాదు. అది అంగడివలె కనబడును.

పెద్దలకు ఒక మనవి. ఇంటిలో మిక్కిలి చీకటియైన గదియే తరచుగా వంటయిల్లగుచున్నది. ముందుగది గోడలకు రంగులు వేయించుటకు పూర్వము, కోడలు దినములో సగము గడపు ఆ గదికి ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టించి సున్నము కొట్టించుడు. సున్నమును ముందునాడే నీటిలో నానవైచి, మరునాడు గుడ్డతో వడియగట్టి, గోడను తడిపి పలుచగా పూయవలెను. ఒక పూత ఆరినపిదపనే మరియొకటి వేయవలెను. మందముగా ఒక్కమారే పూసినచో రాలిపోవును. పూయువారి కన్నులలో చుక్కయైనను పడకుండ చూడవలెను.