రెక్కలు లేని పిట్టకు పది లక్షలా?

ముదినేపల్లి: వరిచేలో సుడిదోమ పడితే వీపున పంపు తగిలించుకుని బురదలో దిగే మనిషి దొరకడం గగనమైపోయింది. ఆ లోటు తీర్చడానికి డ్రోను వచ్చింది. గట్టున నిలబడి మీట నొక్కితే ఎకరానికి పది నిమిషాల్లోపే మందు చల్లేస్తుంది. పని చూసి ముచ్చటపడిన రైతు, ధర వినగానే నోరు వెళ్లబెడుతున్నాడు. ఇద్దరు మనుషులు ఎత్తి ఆటోలో పెట్టుకుపోయే యంత్రానికి అంత ధర ఎందుకు?

ఇందుకు జవాబు కొల్లేటి ఆకాశంలోనే కనిపిస్తుంది. ఎండవేళ ఆటపాక పెలికాన్ పక్షులను చూడండి. నేల వేడెక్కి పైకి లేచే గాలిమీద రెక్కలు చాచి, వాటిని ఆడించకుండానే చుట్లు తిరుగుతూ పైకి పోతాయి. ఇంజను లేని గ్లైడరు విమానం ఎగిరేదీ ఈ కిటుకుతోనే. బరువంతా రెక్క మోస్తుంది. మన డ్రోనుకు ఆ రెక్క లేదు. చిన్న మడిలో నెమ్మదిగా కదులుతూ, గట్టు దగ్గర ఆగి వెనక్కి తిరగాలి కనుక రెక్క పెట్టినా పనికిరాదు. పది లీటర్ల మందుతో కలిపి పాతిక కిలోల దాకా ఉండే బరువును నాలుగో ఆరో మోటార్లు క్షణం ఆగకుండా ఎత్తి పట్టుకోవాలి.

ఆ శక్తి అంతా బ్యాటరీదే. నిండు బరువుతో ఎగిరితే ఒక సెట్టు పావుగంటలోపే అయిపోతుంది. రోజంతా పని సాగాలంటే నాలుగైదు సెట్లు, వేగంగా ఎక్కించే చార్జరు కావాలి. వాడకంలో బ్యాటరీ పస తగ్గుతుంది, మళ్లీ కొనాలి. అంటే కొన్ననాటి ధరతో ఖర్చు తీరదు.

రెండోది విడిభాగాలు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది గాని, విడిభాగాలకు మినహాయింపు ఇచ్చింది. మోటార్లు, బ్యాటరీ సెల్స్ వంటివి ఎక్కువగా చైనా నుంచే వస్తున్నాయి.

మూడోది సంఖ్య. నమూనా తయారీకి, పరీక్షలకు, 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పొందవలసిన ధృవపత్రానికి అయ్యే ఖర్చు నూరు డ్రోన్లు చేసినా పదివేలు చేసినా ఇంచుమించు ఒకటే. తక్కువ చేస్తే ఆ భారం ఒక్కో డ్రోను మీద ఎక్కువ పడుతుంది.

2023 నవంబరులో కేంద్రం 1,261 కోట్ల రూపాయలతో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకంలో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు రాయితీ. ఈ లెక్కన పది లక్షల సరంజామాలో సంఘం వాటా 2 లక్షలు. అదనపు బ్యాటరీలు, శిక్షణ, ఏడాది వారంటీ అందులోనివే.

చిక్కంతా ఆ ఏడాది దాటాకే. రాయితీ కొనేటప్పుడు ఒక్కసారే వస్తుంది, బ్యాటరీ ఖర్చు మాత్రం మళ్లీ మళ్లీ వస్తుంది. కనుక డ్రోను తీసుకోదలచినవారు ముందుగా మూడు సంగతులు అడిగి తెలుసుకోవడం మంచిది: కొత్త బ్యాటరీ సెట్టు ధర ఎంత? ఒక సెట్టు ఎన్నిసార్ల చార్జింగుకు ఆగుతుంది? మరమ్మతు ఎక్కడ చేస్తారు? ఎకరం అద్దె నిర్ణయించేటప్పుడు బ్యాటరీ అరుగుదలను కూడా కలుపుకోవాలి. దోమ పడిన వారంలో డ్రోను మూలపడితే సంఘానికి అద్దె పోతుంది, రైతుకు పంట పోతుంది. మరమ్మతు సదుపాయం మండల కేంద్రానికి అందుబాటులో ఉండేలా వ్యవసాయాధికారులు శ్రద్ధ వహించడం ఎంతైనా అవసరం.