జేసన్ ఒకలా, జావా క్లాస్ మరోలా

జేసన్ రూపంలో వచ్చిన సమాచారాన్ని జావా ఆబ్జెక్టులుగా మార్చడం పైకి ఒక్క వరుస కోడ్‌తో అయిపోయే పని. అక్కడ వచ్చే ఎర్రర్లు మాత్రం కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రోగ్రామర్లను గంటల తరబడి కూర్చోబెడతాయి. వాటిలో చాలావాటికి మూలం ఒక్కటే. వచ్చిన జేసన్ ఆకారం ఒకలా ఉంటుంది, దాన్ని అందుకోవాల్సిన క్లాస్ ఆకారం మరోలా ఉంటుంది. ఆ తేడా ఎక్కడుందో ఎర్రర్ సందేశం చాలాసార్లు నేరుగానే చెబుతుంది. దాన్ని ఓపిగ్గా చదవడం తెలిస్తే సగం పని అయినట్లే.

రెండు ప్రోగ్రామ్‌ల మధ్య సమాచారాన్ని మామూలు అక్షరాల్లో చేరవేసే పద్ధతి జేసన్. జావాస్క్రిప్ట్ రాతపద్ధతి నుంచి దీన్ని తీసి 2000ల తొలినాళ్లలో ప్రచారంలోకి తెచ్చింది డగ్లస్ క్రాక్‌ఫర్డ్. 2013లో ఎక్మా 404 పేరుతో ప్రమాణమైంది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో పాటించే ఆర్‌ఎఫ్‌సీ 8259 వచ్చింది 2017 డిసెంబరులో. ఇందులో ఉండేవి చాలా తక్కువ: ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య పేరు, విలువ జతలుగా రాసే ఆబ్జెక్ట్, స్క్వేర్ బ్రాకెట్ల మధ్య వరుసగా రాసే అర్రే, డబుల్ కోట్స్ మధ్య అక్షరాలు, అంకెలు, ట్రూ, ఫాల్స్, ఏమీ లేదని చెప్పే నల్. ఒక ఆబ్జెక్ట్ లోపల మరో ఆబ్జెక్ట్, దాని లోపల అర్రే, ఆ అర్రేలో మళ్లీ ఆబ్జెక్టులు ఇలా ఎంత లోతుకైనా వెళ్లవచ్చు.

ఆన్‌లైన్‌లో పుస్తకాలు అమ్మే దుకాణానికి వచ్చే ఆర్డర్ ఇలాంటిదే. ఆర్డర్‌లో కస్టమర్ ఉంటారు, కస్టమర్‌లో చిరునామా ఉంటుంది, చిరునామాలో పిన్ కోడ్ ఉంటుంది. పక్కనే పుస్తకాల అర్రే, ఒక్కో పుస్తకానికి పేరు, ధర. జావాలో దీనికి ఆర్డర్, కస్టమర్, చిరునామా, పుస్తకం అని నాలుగు క్లాసులు రాస్తారు. ఆర్డర్ క్లాస్‌లో కస్టమర్ రకం ఫీల్డ్ ఒకటి, పుస్తకాల లిస్ట్ ఒకటి ఉంటాయి. జేసన్‌లో ఎన్ని అంతస్తులుంటే క్లాసుల్లోనూ అన్నే ఉండాలి. ఈ మార్పిడిని చేతితో రాసేవారు ఇప్పుడు అరుదు. జాక్సన్, లేదా గూగుల్ తయారుచేసిన జీసన్ లైబ్రరీకి అప్పగిస్తారు. జాక్సన్‌లో ఆబ్జెక్ట్ మ్యాపర్‌లోని రీడ్ వాల్యూ మెథడ్‌ను పిలిచి, జేసన్‌నూ క్లాస్ పేరునూ ఇస్తే చాలు.

తరచూ కనిపించే వాటిలో ఒకటి బ్రాకెట్ల తేడా. జీసన్ దాన్ని ఇలా చెబుతుంది: ‘ఎక్స్‌పెక్టెడ్ బిగిన్ అర్రే బట్ వాజ్ బిగిన్ ఆబ్జెక్ట్ ఎట్ లైన్ 1 కాలమ్ 2 పాత్ $’. క్లాస్ ప్రకారం అక్కడ స్క్వేర్ బ్రాకెట్ మొదలవ్వాలి, వచ్చింది మాత్రం ఫ్లవర్ బ్రాకెట్ అని దీని అర్థం. చివరనున్న డాలర్ గుర్తు జేసన్ మొత్తానికీ మొదలు. డాలర్ తర్వాత ఏమీ లేకపోతే తేడా మొట్టమొదటి బ్రాకెట్‌లోనే ఉందన్నమాట. సాధారణంగా ఇది సర్వర్ అసలు సమాచారాన్ని ఇంకో పొరలో చుట్టి పంపినప్పుడు వస్తుంది. ప్రోగ్రామర్ పుస్తకాల లిస్ట్ కోసం చూస్తుంటే సర్వర్ ‘స్టేటస్’, ‘డేటా’ అనే రెండు పేర్లున్న ఆబ్జెక్ట్ పంపి, లిస్ట్‌ను ‘డేటా’ కింద పెడుతుంది. ఆ పై పొరకూ ఒక చిన్న క్లాస్ రాయడమే దీనికి సరైన దిద్దుబాటు. వచ్చిన జేసన్‌ను ముక్కలుగా కోసి లోపలి లిస్ట్‌ను మాత్రమే లైబ్రరీకి అందించే అడ్డదారి పట్టే వాళ్లూ ఉన్నారు. సర్వర్ ఒక్క ఖాళీ ఎక్కువ పెట్టి పంపినా ఆ కోత తప్పిపోతుంది.

ఇందులోనే ఇంకో చిక్కుంది. కొన్ని సర్వర్లు పుస్తకాలు రెండు మూడు ఉంటే అర్రేగా, ఒక్కటే ఉంటే స్క్వేర్ బ్రాకెట్ లేకుండా వట్టి ఆబ్జెక్ట్‌గా పంపుతాయి. రెండు పుస్తకాల ఆర్డర్‌తో పరీక్షించినప్పుడు అంతా బాగుండి, ఒక్క పుస్తకం కొన్నవారి దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోతుంది. సర్వర్‌ను మార్చగలిగితే అక్కడే దిద్దాలి. అది చేతిలో లేకపోతే ఒంటరి విలువను కూడా అర్రేగా తీసుకునే సెట్టింగ్ జాక్సన్‌లో ఉంది.

తర్వాతిది పేర్ల తేడా. జేసన్ పంపేవారు మాటల మధ్య అండర్‌స్కోర్ పెడతారు, జావావారు రెండో మాటను పెద్ద అక్షరంతో మొదలుపెడతారు. జాక్సన్ 2 వరుసలో క్లాస్‌కు తెలియని పేరు ఎదురైతే ‘అన్‌రికగ్నైజ్డ్ ఫీల్డ్’ అని ఎర్రర్ వస్తుంది. ఈ సందేశంలో చాలామంది చూడకుండా వదిలేసే భాగం ‘నోన్ ప్రాపర్టీస్’ అన్న బ్రాకెట్. ఆ క్లాస్‌లో తనకు తెలిసిన ఫీల్డ్‌లు ఎన్నో, వాటి పేర్లేమిటో జాక్సన్ అక్కడ జాబితా ఇస్తుంది. జేసన్‌లోని పేరును ఆ జాబితా పక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే తేలిపోతుంది. జాబితాలో ‘జీరో నోన్ ప్రాపర్టీస్’ అని ఉంటే సమస్య పేర్లలో లేదు. ఫీల్డ్‌లన్నీ ప్రైవేట్‌గా ఉండి, గెట్టర్లు, సెట్టర్లు రాయకపోవడంతో జాక్సన్‌కు ఆ క్లాస్ ఖాళీగా కనిపిస్తోంది. ఒకటి రెండు పేర్లే తేడాగా ఉంటే ఆ ఫీల్డ్‌ల మీద జేసన్ ప్రాపర్టీ యానొటేషన్‌లో అసలు పేరు రాస్తారు. అన్ని పేర్లలోనూ అండర్‌స్కోరే ఉంటే మ్యాపర్‌కు ఒక్కసారి స్నేక్ కేస్ పద్ధతి చెప్పడం మేలు.

తెలియని పేర్లను పట్టించుకోవద్దని జాక్సన్‌కు చెప్పడం మరో మార్గం. ఎర్రర్ మాయమవుతుంది కాబట్టి చాలామంది మొదట పట్టుకునేది దీన్నే. సర్వర్ రేపు కొత్త ఫీల్డ్ చేర్చినా యాప్ ఆగకూడదనుకునే చోట ఇది న్యాయమైన నిర్ణయమే. కానీ పేరులో అచ్చుతప్పు ఉన్నప్పుడు ఇదే సెట్టింగ్ తప్పును దాచేస్తుంది. కస్టమర్ ఫీల్డ్ నిండదు, నల్‌గా మిగిలిపోతుంది. ఎక్కడో చాలా దూరాన, కస్టమర్ చిరునామా అడిగిన చోట నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వస్తుంది. తప్పు జరిగిన చోటు ఒకటి, బయటపడిన చోటు మరొకటి. జీసన్ మొదటి నుంచీ ఇలా మౌనంగానే వదిలేస్తుంది. 2025లో వచ్చిన జాక్సన్ 3 కూడా మామూలు అమరికలో ఆ దారికే వచ్చింది. అందుకే కోడ్ రాస్తున్న దశలో, పరీక్షల్లో తెలియని పేర్లకు ఎర్రర్ ఇమ్మని పట్టుబట్టడమే మంచిది.

అరుదుగానైనా తలనొప్పి తెచ్చేది ఆబ్జెక్ట్ పుట్టించలేకపోవడం. ఖాళీ కన్‌స్ట్రక్టర్ లేకపోతే, జేసన్ క్రియేటర్ వంటి గుర్తూ లేకపోతే జాక్సన్ ‘నో క్రియేటర్స్’ అంటుంది. చిరునామా క్లాస్‌ను కస్టమర్ క్లాస్ లోపల స్టాటిక్ అనకుండా రాసినా చిక్కే. అలాంటి లోపలి క్లాస్‌కు బయటి క్లాస్ ఆబ్జెక్ట్ ఉంటేనే పుట్టుక. స్టాటిక్ అన్న ఒక్క మాట చేరిస్తే సరిపోతుంది. జీసన్ అయితే ఖాళీ కన్‌స్ట్రక్టర్ లేకపోయినా దొడ్డిదారిన ఆబ్జెక్ట్‌ను పుట్టిస్తుంది. అప్పుడు ఫీల్డ్ దగ్గర రాసుకున్న ఖాళీ లిస్ట్ వంటి తొలి విలువలు అమలు కావు, లిస్ట్ నల్‌గా ఉంటుంది.

పుస్తకాల లిస్ట్‌ను నేరుగా మార్చబోయి వట్టి ‘లిస్ట్ క్లాస్’ అని ఇచ్చినప్పుడు వచ్చే ఎర్రర్ ఇంకా విచిత్రంగా ఉంటుంది. మార్పిడి సాఫీగా జరుగుతుంది, లిస్ట్‌లో పుస్తకాలన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి. మొదటి పుస్తకాన్ని తీసి పేరు అడిగేసరికి ‘లింక్డ్ హ్యాష్ మ్యాప్‌ను పుస్తకంగా మార్చలేము’ అనే అర్థంతో క్లాస్ క్యాస్ట్ ఎక్సెప్షన్ వస్తుంది. 2004లో జావా 5తో జెనరిక్స్ వచ్చినప్పుడు, కంపైల్ చేశాక లిస్ట్ లోపలి రకాన్ని చెరిపేసే పద్ధతి పెట్టారు. అందువల్ల ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ‘పుస్తకాల లిస్ట్’ అన్న సంగతి లైబ్రరీకి తెలియదు. ఏమీ తెలియనప్పుడు జాక్సన్ ఒక్కో ఆబ్జెక్ట్‌నూ లింక్డ్ హ్యాష్ మ్యాప్‌గా నింపేస్తుంది. జాక్సన్‌లో టైప్ రెఫరెన్స్, జీసన్‌లో టైప్ టోకెన్ వాడి పూర్తి రకం చెబితే సరిపోతుంది.

అంకెలు, తేదీల దగ్గర జాగ్రత్త వేరు. జావాలో ఇంట్ రకం 2147483647 దాటదు. మన పది అంకెల మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి కాబట్టి ఏదీ అందులో పట్టదు. ‘అవుట్ ఆఫ్ రేంజ్ ఆఫ్ ఇంట్’ అని ఎర్రర్ వచ్చినప్పుడు లాంగ్ అని మార్చి ఊరుకుంటారు. ఫోన్ నంబర్లతో కూడికలు, తీసివేతలు ఎవరూ చేయరు కనుక స్ట్రింగ్‌గా ఉంచడమే సబబు. ధర సంగతి మరీ ప్రమాదం. ఫీల్డ్ ఇంట్‌గా ఉండి జేసన్‌లో 250.75 వస్తే జాక్సన్ 2 మామూలు అమరికలో పైసలు కోసేసి 250గా తీసుకుంటుంది, ఏ హెచ్చరికా ఉండదు. అసలు ధరే రాకపోతే ఇంట్ ఫీల్డ్‌లో సున్నా మిగులుతుంది. ఉచితంగా ఇచ్చిన పుస్తకానికీ, ధర పంపని పుస్తకానికీ అప్పుడు తేడా తెలియదు. డబ్బుకు బిగ్ డెసిమల్ వాడాలి. విలువ రాకపోవచ్చు అనుకున్న చోట ఇంట్ బదులు ఇంటీజర్ పెడితే నల్ కనిపిస్తుంది. తేదీలకు లోకల్ డేట్ వాడితే జాక్సన్ 2కి జావా టైమ్ మాడ్యూల్‌ను విడిగా చేర్చాలి. అది 2024-06-05 అన్న వరుసనే ఆశిస్తుంది. 05-06-2024 అని వస్తే జేసన్ ఫార్మాట్ యానొటేషన్‌తో రోజు ముందో నెల ముందో చెప్పాలి.

పుస్తకం పేరు తెలుగులో ఉన్నప్పుడు మరో సమస్య ఎదురవుతుంది. మార్పిడి ఏ ఎర్రరూ లేకుండా జరిగినా పేరు స్థానంలో ప్రశ్నార్థకాలో పిచ్చి గుర్తులో కనిపిస్తాయి. తప్పు జాక్సన్‌ది కాదు. వేర్వేరు సంస్థల కంప్యూటర్ల మధ్య తిరిగే జేసన్ యూటీఎఫ్-8లోనే ఉండాలని ఆర్‌ఎఫ్‌సీ 8259 నియమం. ప్రోగ్రామ్ ఆ బైట్లను వేరే లిపి సంకేతంలో చదివి, ఆ తర్వాత లైబ్రరీకి ఇచ్చి ఉంటుంది. పాత జావాలో, ముఖ్యంగా విండోస్ మీద ఇది తరచూ జరిగేది. 2022లో వచ్చిన జావా 18 నుంచి యూటీఎఫ్-8ను మామూలు అమరిక చేశారు. అంతకుముందు వెర్షన్లలో ఫైల్ చదివేటప్పుడు యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయాలి, లేదా అక్షరాలుగా మార్చకుండా బైట్లనే నేరుగా జాక్సన్‌కు అందించాలి.

ఎర్రర్ ఏదైనా వెతకాల్సిన వరుస ఒకటే. ముందు సర్వర్ నుంచి వచ్చిన జేసన్‌ను ఒక్క అక్షరం మార్చకుండా లాగ్‌లో చూడాలి. డాక్యుమెంట్‌లో రాసిన జేసన్‌నూ, నిజంగా వచ్చినదాన్నీ ఒకటే అనుకోకూడదు. సర్వర్ లాగిన్ పేజీని హెచ్‌టీఎంఎల్‌లో పంపితే మొదటి అక్షరం దగ్గరే ఎర్రర్ వస్తుంది, క్లాసులు ఎంత సరిచూసినా ఉపయోగం ఉండదు. తర్వాత జాక్సన్ సందేశం చివర ‘త్రూ రెఫరెన్స్ చైన్’ అన్న చోటు చదవాలి. ఆర్డర్, బాణం గుర్తు, పుస్తకాలు, అర్రే లిస్ట్ [2], ధర అని ఉంటే మూడో పుస్తకం ధర దగ్గర తేడా ఉందన్నమాట, లెక్క సున్నా నుంచి మొదలు కాబట్టి. మొదటి రెండు పుస్తకాలు సరిగా మారాయి కనుక క్లాసుల అమరిక సరైనదే, ఆ మూడో విలువలోనే ఏదో వేరుగా ఉంది. దిద్దాక, తప్పు బయటపెట్టిన జేసన్‌నే ఫైల్‌గా దాచి యూనిట్ టెస్ట్‌లో చేర్చాలి. ఆ టెస్ట్ ఎర్రర్ రాలేదని మాత్రమే చూస్తే చాలదు. మూడో పుస్తకం పేరు, ధర, చిరునామాలోని పిన్ కోడ్ అనుకున్న విలువలతోనే నిండాయో లేదో ఒక్కొక్కటిగా పోల్చి చూడాలి.