పెరట్లో నీటి బల్ల: పిల్లల వేసవి ఆటకు ఒక బకెట్ నీరు చాలు

రాయ్‌పూర్‌లో మే నెల వచ్చిందంటే పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం సాధారణం. బడి ఈడు రాని పిల్లలకు ఆ రోజులు దాదాపు గృహనిర్బంధమే. ఉదయం, సాయంత్రం ఎండ తగ్గిన కాసేపట్లో వారు కోరుకునేది నీళ్లాట. చాలా ఇళ్లలో అందుకు దొరికేవి స్నానాల గదిలోని బకెట్టు, పెరట్లోని సిమెంటు తొట్టి. రెండు మూడేళ్ల బిడ్డకు ఈ రెండూ ప్రమాదకరమైనవే. వాటికి బదులు, నిలబడి ఆడుకునే ఎత్తులో, లోతులేని తొట్టితో ఒక బల్లను ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు.

ప్రమాదం అన్న మాట అతిశయోక్తి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం, నీట మునిగి మరణిస్తున్నవారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే. పసిపిల్లలకు శరీరంతో పోలిస్తే తల బరువెక్కువ. నడుము కంటే తక్కువ ఎత్తున్న బకెట్టులోకి తొంగి చూస్తే తలకిందులుగా పడిపోతారు, మళ్లీ పైకి లేవలేరు. కేకలు కూడా వినిపించవు. ముక్కు, నోరు మునిగేంత నీరుంటే చాలు.

అందుకే నీటి బల్లకు అన్నిటికంటే ముఖ్యమైన కొలత దాని ఎత్తు. బిడ్డను గోడకు ఆనించి నిలబెట్టి, నేల నుంచి బొడ్డుకు కాస్త పైవరకు కొలవాలి. తొట్టి అంచు అక్కడికి రావాలి. మూడేళ్ల పిల్లలకు ఇది సుమారు 55 సెంటీమీటర్లు ఉంటుంది. అంచు అంతకంటే కిందికి ఉంటే బిడ్డ ముందుకు తూలుతుంది, మరీ పైకి ఉంటే చేతులు నీటికి అందవు.

తొట్టి కోసం గట్టి అంచున్న, లేత రంగు ప్లాస్టిక్ టబ్బు సరిపోతుంది. పొడవు 60, వెడల్పు 40, లోతు 15 సెంటీమీటర్లు ఉంటే మంచిది. రేకు తొట్టి ఎండకు చేయి కాలేంత వేడెక్కుతుంది, నల్లని ప్లాస్టిక్కూ అంతే. ఈ టబ్బును అంచు వరకు నింపితే 36 లీటర్లు, అంటే 36 కిలోల బరువు. ఆటకు అంత అవసరం లేదు. ఆరు సెంటీమీటర్ల లోతు చాలు, అది 14 లీటర్లు. ఒక బకెట్ అన్నమాట.

చట్రానికి నాలుగు చెక్క పట్టీలను దీర్ఘచతురస్రంగా బిగించాలి. టబ్బు అంచు వాటిపై ఆని వేలాడేలా లోపలి ఖాళీ ఉండాలి. కాళ్లకు రెండంగుళాల చదరపు కర్రలు వాడి, అడుగు భాగం కొద్దిగా బయటికి వాలేలా బిగిస్తే పిల్లలు ఆనుకున్నా బల్ల ఒరగదు. కాళ్లను కలిపే అడ్డపట్టీలను నేలకు దగ్గరగా పెట్టడం వడ్రంగులకు అలవాటు. ఇక్కడ అలా వద్దని ముందే చెప్పాలి, ఎందుకంటే కింది పట్టీ పిల్లలకు మెట్టవుతుంది. వాటిని టబ్బు అడుగుకు ఆనించి బిగిస్తే బరువును కూడా మోస్తాయి. మేకుల కంటే స్క్రూలు మేలు. తడికి మేకులు వదులవుతాయి.

పాత తలుపుల చెక్క వాడదామనుకునేవారు ఒక విషయం గమనించాలి. మన దేశంలో గృహోపయోగ రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసే నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగును ఉప్పు కాగితంతో రుద్దితే సీసం ధూళిగా లేచి పిల్లల చేతుల ద్వారా నోటికి చేరవచ్చు. రంగు వేయని చెక్కే శ్రేయస్కరం.

ఇక ఆట సామగ్రికి బజారు వెతకనక్కర్లేదు. గరిటె, జల్లెడ, గరాటు, చిన్న చెంబు, కొబ్బరి చిప్ప ఇంట్లోనే ఉంటాయి. బస్తర్ ఆదివాసులు నీరు, అంబలి మోసుకెళ్లే ఎండిన సొరకాయ బుర్ర లాంటిది ఒకటి దొరికితే అది తేలుతుంది, ముంచితే బుడగలు వదులుతూ నిండుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో పోలా పండుగకు అమ్మే మట్టి బొమ్మ పాత్రలు కూడా పనికొస్తాయి. వాటి గోడల గుండా నీరు ఎలా చెమరుస్తుందో పిల్లలు వేలితో తాకి చూస్తారు. వెదురును నిలువునా చీల్చి, కణుపుల అడ్డుగోడలు తీసి, పెచ్చులు లేకుండా రుద్ది, ఒక చివర ఎత్తుగా కడితే కాలువ సిద్ధం. మోటారుతో చిమ్మే ఫౌంటెన్ల కంటే ఇదే నయం, ఎందుకంటే నీరు పోయాల్సింది బిడ్డే.

పోయడం, ఒలకడం, నిండడం వంటివన్నీ ఆ వయసుకు పెద్ద పాఠాలు. పొట్టి గిన్నెలోని నీటిని సన్నని గ్లాసులో పోస్తే ఎక్కువైందని చిన్నపిల్లలు నమ్ముతారు. స్విట్జర్లాండ్ మనోవైజ్ఞానికుడు జీన్ పియాజే గమనించిన ఈ భ్రమ దాదాపు ఆరేడేళ్లకు గానీ పోదు. సరిదిద్దే తొందర పెద్దలకు అక్కర్లేదు. పదిసార్లు అటూ ఇటూ పోయనివ్వాలి. 2022లో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటనే బోధనకు ఆధారంగా తీసుకుంది. రైల్వే ఉద్యోగాలతో తరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలు వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ వింటూ పెరుగుతారు. బల్ల చుట్టూ ఉన్న అరగంటలో తొణకడం, వడగట్టడం, చెమ్మగిల్లడం లాంటి తెలుగు మాటలు వారికి చేతి అనుభవంతో పాటే వచ్చేస్తాయి.

నీటి శుభ్రతపై ఉపేక్ష పనికిరాదు. ఎంత చెప్పినా పిల్లలు ఆ నీటిని తాగుతారు. 2020 వేసవిలో కలుషిత నీటి వల్ల రాయ్‌పూర్‌లోని పలు బస్తీల్లో కామెర్లు ప్రబలాయి. తాగడానికి పనికిరాని నీరు ఈ తొట్టికీ పనికిరాదు. ఎండలో ఉన్న పైపులోని మొదటి నీరు మరిగినట్లుంటుంది, దాన్ని కాసేపు పారనిచ్చి తర్వాతే పట్టాలి. ఆట ముగియగానే నీటిని మగ్గుతో తోడి మల్లె, తులసి మొక్కలకు పోసి, టబ్బును బోర్లించాలి. 2018లో పొరుగునే ఉన్న భిలాయిలో డెంగీ ఎంత తీవ్రంగా విజృంభించిందో ఈ ప్రాంతవాసులకు తెలుసు. నిలిచిన నీటిలో ఆ దోమ గుడ్డు నుంచి రెక్కల దశకు చేరడానికి వారం పది రోజులు చాలు.

బల్లను వేపచెట్టు నీడలోనో, ఇంటికి తూర్పు వైపు సాయంత్రపు నీడలోనో చదునైన నేలపై పెట్టాలి. నునుపైన టైల్స్ మీద వద్దు. చుట్టూ పీటలు, కుర్చీలు ఉంచకూడదు. ఎత్తు సరిగా ఉన్నంత మాత్రాన కాపలా మానేయరాదు. ఒక పెద్ద మనిషి చేయి చాచితే అందే దూరంలో, ఫోను పక్కన పెట్టి కూర్చోవాలి. ఈ పరిమాణం బల్ల దగ్గర ఇద్దరు, మహా అయితే ముగ్గురు ఆడగలరు.

ఈ వయసు పిల్లలు ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లు ఎదుగుతారు కాబట్టి కాళ్లను మొదటే పది సెంటీమీటర్లు పొడవుగా కోయించి, చట్రాన్ని బోల్టులతో బిగించేలా మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో వరుసగా రంధ్రాలు వేయించుకుంటే, వచ్చే వేసవికి బల్లను పైరంధ్రంలోకి మార్చడం పదినిమిషాల పని.