పాదాలు కడిగి సమాధానపడడం



పరిశుద్ధ గురువారం నాడు పాదాలు కడిగే ఆరాధనను మీలో చాలామంది చూసే ఉంటారు. గురువుగారు నడుముకు తువాలు కట్టుకొని, పన్నెండు మందిని వరుసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి పాదాల మీద నీళ్ళు పోసి తుడుస్తారు. సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘాల్లోనైతే ప్రభు భోజనానికి ముందు విశ్వాసులు ఒకరి పాదాలు ఒకరు కడుగుతారు. ఇంతవరకు మనకు తెలిసిందే. అయితే ఆ రోజు పాదాలు కడిగించుకోబోయేవాళ్ళు ఇంటి దగ్గరే సబ్బుతో శుభ్రంగా కడుక్కొని వస్తారు. అందుకే ఆ పళ్ళెంలో నీళ్ళు పెద్దగా మురికి కావు.

నిజంగా మురికి ఉన్నచోట, అంటే మనిషికీ మనిషికీ మధ్య చేసిన అన్యాయం ఉన్నచోట, ఈ ఆచారానికి ఏం అర్థం ఉంటుంది? తెల్లవారికీ నల్లవారికీ మధ్య గోడ కట్టిన ఒక దేశంలో జరిగిన సంగతి చెప్పి, ఈ ప్రశ్నకు జవాబు వెదకాలని ఈ నెల అనుకున్నాం.

ప్రభువు చేసిన పని

యోహాను సువార్త 13వ అధ్యాయంలో ఈ సంగతి ఉంది. ఆ కాలంలో జనం చెప్పులతో దుమ్ము దారుల్లో నడిచేవారు. ఇంటికి వచ్చినవారి కాళ్ళు కడగడం దాసుల పని. భోజనానికి కూర్చున్న శిష్యుల్లో ఎవరూ లేవలేదు. ప్రభువే లేచి ఆ పని చేశారు. పేతురు మొదట ఒప్పుకోలేదు. పెద్దవాడు చిన్నవాడి కాళ్ళు పట్టుకోవడం అతనికి తలకిందులుగా కనిపించింది. ఇంకో సంగతి కూడా గమనించండి. ఆ రాత్రి తనను అప్పగించబోతున్న యూదా పాదాలను కూడా ప్రభువు వదిలిపెట్టలేదు.

మన ఊళ్ళలోనూ ఇంటికి వచ్చినవారికి చెంబుతో కాళ్ళకు నీళ్ళివ్వడం మర్యాద. అయితే ఆ మర్యాద అందరికీ దక్కిందా? కొందరికి చెంబు ఇచ్చి లోపలికి పిలిచారు. కొందరిని గుమ్మం బయటే నిలబెట్టారు. కాబట్టి ఎవరు ఎవరి కాళ్ళు ముట్టుకుంటారన్నది మనకు కొత్త ప్రశ్న కాదు.

గోడ కట్టిన దేశం

దక్షిణాఫ్రికాలో 1948లో అధికారానికి వచ్చిన ప్రభుత్వం మనుషులను రంగును బట్టి వేరుచేసే చట్టాలు చేసింది. ఈ పద్ధతిని అపార్తీడ్ అన్నారు. తెల్లవారికి వేరే బడి, వేరే బస్సు, వేరే ఆసుపత్రి, చివరికి వేరే అంబులెన్సు.

ఈ గోడకు పునాది కొంతవరకు సంఘంలోనే పడిందని ఒప్పుకోవాలి. 1857లో అక్కడి డచ్ రిఫార్మ్‌డ్ సంఘపు సినడు, కొందరి బలహీనతను బట్టి నల్లవారితో వేరుగా ఆరాధన జరుపుకోవచ్చని అనుమతించింది. కొందరి కోసం ఇచ్చిన ఆ వెసులుబాటు పోను పోను అందరికీ నియమమైంది. ఒకే ప్రభువు బల్ల రెండు బల్లలయింది.

ఈ చరిత్ర మనవాళ్ళనూ తాకింది. 1860 నుండి మద్రాసు రేవు మీదుగా వేలాది తెలుగువారు, తమిళులు నాటాలు చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళారు. వారి కోసం నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టు సంఘాలు 1903లో జాన్ రంగయ్య గారిని అక్కడికి మిషనరీగా పంపాయి. తర్వాత 1950లో వచ్చిన నివాస ప్రాంతాల చట్టం వల్ల ఎన్నో భారతీయ కుటుంబాలు కట్టుకున్న ఇళ్ళు వదిలి, చూపించిన చోటికి పోవలసివచ్చింది.

బట్టల్లో విషం

ఫ్రాంక్ చికానే గారు అపోస్తలిక్ ఫెయిత్ మిషన్ సంఘంలో నల్లజాతి పాస్టరు. అన్యాయాన్ని ఎదిరించినందుకు ఎన్నోసార్లు జైలుకు వెళ్ళారు, చిత్రహింసలు పడ్డారు. ఒకసారి తనను హింసించినవారికి పైఅధికారిగా ఉన్నవాడు తన సంఘానికే చెందిన తెల్లవారి శాఖలో డీకన్ అని ఆయనే చెప్పారు. 1987లో ఆయన దక్షిణాఫ్రికా సంఘాల సమాఖ్యకు ప్రధాన కార్యదర్శి అయ్యారు.

1989లో ప్రయాణాల్లో ఉండగా ఆయన మళ్ళీ మళ్ళీ జబ్బుపడ్డారు. భార్య చదువుకుంటున్న అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆసుపత్రిలో చేర్చారు. కోలుకొని బయటికి రావడం, మళ్ళీ పడిపోవడం. చివరికి వైద్యులు అది ఆర్గానోఫాస్ఫేటు విషమని కనిపెట్టారు. రహస్య పోలీసులు ఆయన పెట్టెలోని బట్టలకు పారాక్సాన్ అనే విషం పట్టించారని తర్వాత కోర్టులో తేలింది.

రైతు కుటుంబాలకు ఈ విషం కొత్త కాదు. మనం చేలో కొట్టే పురుగుమందుల్లో చాలా వాటిది ఈ జాతే. నరాల నుండి కండరాలకు వెళ్ళే సంకేతం పని అయిపోగానే ఆగాలి. ఆ ఆపే రసాయనాన్ని ఈ విషం పనిచేయనివ్వదు. అందువల్ల చెమటలు, చొంగ, వాంతులు, కండరాలు అదరడం, చివరికి ఊపిరి అందకపోవడం వస్తాయి. నోటి ద్వారానే కాదు, చర్మం గుండా కూడా ఇది ఒంట్లోకి దిగుతుంది. మందు కొట్టిన బట్టలు వెంటనే విప్పి వేరుగా ఉతకాలని, ఒళ్ళు సబ్బుతో కడుక్కోవాలని, ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలని మేము పదే పదే చెప్పేది ఇందుకే.

పళ్ళెం పట్టుకొచ్చిన మాజీ మంత్రి

ఆ రోజుల్లో పోలీసు శాఖకు మంత్రి ఆడ్రియాన్ వ్లోక్ గారు. ఆయన 1986 నుండి 1991 వరకు శాంతిభద్రతల మంత్రిగా పనిచేశారు. 1994లో అందరూ ఓటు వేసిన ఎన్నికలతో ఆ పాలన అంతమైంది. 2006 నాటికి చికానే గారు దేశాధ్యక్షుని కార్యాలయంలో ముఖ్య అధికారిగా ఉన్నారు. వ్లోక్ గారు పదవి లేని వృద్ధుడు.

ఆ సంవత్సరం వ్లోక్ గారు చికానే గారి కార్యాలయానికి వెళ్ళారు. ప్రభువుకూ మీకూ విరోధంగా పాపం చేశాను, క్షమించండి అన్న భావంతో తన బైబిలు మీద రాసి ఆయన చేతికిచ్చారు. వెంట తెచ్చుకున్న పళ్ళెం తీసి, పాదాలు కడగనివ్వమని అడిగారు. చికానే గారు మొదట తటపటాయించినా చివరికి ఒప్పుకున్నారు. ఒకప్పుడు ఎవరి ఒంటికి తగిలే బట్టల్లో విషం పట్టించారో ఆయన పాదాలనే ఆ పాలనలోని మంత్రి మోకాళ్ళూని కడిగారు.

1986లో మామెలోడి అనే ఊరికి చెందిన పదిమంది యువకులను రహస్య పోలీసులు మోసగించి తీసుకుపోయి చంపారు. వారి తల్లుల, భార్యల పాదాలను కూడా వ్లోక్ గారు తర్వాత కడిగారు.

నీళ్ళు పోస్తే సరిపోతుందా?

ఆ దేశంలో అందరూ మెచ్చుకోలేదు. ఇది నాటకమన్నవారున్నారు. కాళ్ళు కడగడం కాదు, నిజమంతా చెప్పమన్నవారున్నారు. ఆ మాట కొట్టివేయదగింది కాదు. 1988లో సంఘాల సమాఖ్య కార్యాలయమైన ఖోట్సో హౌస్‌ను బాంబుతో పేల్చింది పోలీసులే. వ్లోక్ గారు మంత్రిగా ఉన్నప్పుడు ఆ నేరాన్ని ఒక ఉద్యమకారిణి మీద మోపారు. ఆమె చంటిబిడ్డతో సహా నిర్బంధంలో ఉండవలసివచ్చింది. ఆ పేలుడు సంగతి ఆయన ఆర్చిబిషప్ టుటు గారి అధ్యక్షతన ఏర్పడిన సత్య సమాధాన కమిషను ముందు ఒప్పుకొని క్షమాభిక్ష పొందారు. చికానే గారికి విషం పెట్టిన సంగతికి అలాంటి క్షమాభిక్ష లేదు. అందుకే 2007 ఆగస్టులో కోర్టు ముందు నిలబడి హత్యాయత్నం నేరం ఒప్పుకున్నారు. ఆయనకూ మాజీ పోలీసు అధిపతికీ పదేళ్ళ శిక్ష పడింది. కానీ షరతులతో దాని అమలు నిలిపివేశారు కాబట్టి జైలుకు వెళ్ళలేదు.

తర్వాతి సంవత్సరాల్లో ఆయన పేద నల్లజాతి పిల్లలకు ఆహారం మోసుకెళ్ళేవారు, నిలువనీడ లేనివారికి తన ఇంట్లో చోటిచ్చారు. 2023 జనవరిలో చనిపోయారు.

దీనినుండి మేము గ్రహించింది ఇది. పుండు మీద కట్టు కట్టాలంటే ముందు లోపలి చీము తీయాలి. చీము ఉండగా పైన తెల్లటి కట్టు కడితే చూడ్డానికి బాగుంటుంది గాని లోపల కాలు కుళ్ళిపోతుంది. పాదాలు కడగడం కూడా అంతే. ఏ పాపం చేశామో పేరుపెట్టి చెప్పాలి. వంగవలసినవాడు అన్యాయం చేసినవాడు. కాళ్ళు చాపాలా వద్దా అన్నది అన్యాయం పొందినవారి ఇష్టం. వారిని తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ తర్వాత పాడుచేసినదాన్ని చేతనైనంత సరిదిద్దాలి. ఇవి లేకుండా పోసిన నీళ్ళు ఉత్త నీళ్ళే.

మన గుమ్మం దగ్గర

దక్షిణాఫ్రికా సంగతి చదివి వాళ్ళెంత చెడ్డవాళ్ళో అనుకోవడం తేలిక. మన దగ్గర గోడకు రంగు లేదు, కులం ఉంది. టీ కొట్లో రెండు గ్లాసుల పద్ధతి మన పెద్దలు ఎరిగినదే. బాప్తిస్మం తీసుకున్నాక కూడా పెళ్ళి సంబంధం దగ్గర, సంఘ పెద్దల ఎన్నిక దగ్గర, శ్మశానం దగ్గర ఏం జరుగుతుందో మనలో ఎవరి మనస్సాక్షికి వారికి తెలుసు.

ఆసుపత్రిలో మాకు కనిపించేది వేరు. డ్రెస్సింగ్ గదిలో షుగరు వల్ల పుండుపడిన కాలు ఏ కులం వారిదైనా ఒకేలా ఉంటుంది. దాన్ని కడిగే సిస్టరు ఎవరి బిడ్డో ఆ నొప్పిలో ఎవరూ అడగరు. నొప్పి తగ్గాక ఇంటికి వెళ్ళి అడగడం మొదలుపెడతారేమోనన్నదే మా బాధ.

ఈసారి పరిశుద్ధ గురువారానికి ఒక్క పని చేద్దాం. పన్నెండు కుర్చీల్లో ఎవరిని కూర్చోబెట్టాలని కమిటీ ఆలోచించేటప్పుడు, మనం ఎవరి ఇంట్లో మంచినీళ్ళు తాగమో వారిని తలచుకుందాం. ముందు వారి ఇంటికి వెళ్ళి తప్పు ఒప్పుకుందాం. వారు రమ్మంటేనే తువాలు కట్టుకుందాం.

పాదాలు కడిగే ఆరాధనలో ఆరోగ్య జాగ్రత్తలు

* ఒక్కొక్కరికి కొత్త నీళ్ళు పోయాలి. తుడిచే తువాలు కూడా వేరుగా ఉండాలి.
* కాలికి పుండు, పగులు, ఒరుపు ఉన్నవారిని ఉమ్మడి పళ్ళెంలో కాళ్ళు పెట్టించవద్దు. వారి చేతుల మీద నీళ్ళు పోసినా అర్థం మారదు.
* షుగరు ఉన్నవారికి, కుష్ఠు వల్ల స్పర్శ పోయినవారికి వేడి తెలియదు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో కడిగేవారే మోచేత్తో చూడాలి.
* వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తగా అద్దాలి, రుద్దవద్దు.
* కడిగేటప్పుడు అరికాలు చూడండి. నొప్పి లేని పుండు కనిపిస్తే ఆ మనిషికి చెప్పి వెంటనే ఆసుపత్రికి పంపండి.

ఈ చివరి మాట మరచిపోకండి. నొప్పి లేదు కాబట్టి పుండు లేదనుకున్నవారే ఎక్కువగా కాళ్ళు పోగొట్టుకుంటారు. సంఘానికీ అదే వర్తిస్తుంది. వంగి చూసేవారికే అది కనిపిస్తుంది.

అలా వంగే మనస్సును ప్రభువు మనందరికీ దయచేయును గాక. ఆమేన్.