పాత మిద్దెకు కొత్త గది

పిల్లలూ! మా మద్దికెరకు కొత్తగా వచ్చినవారు మొదట అడిగేది దసరా గుర్రాల పందెం గురించే. నేను మాత్రం వారిని వీధిలోకి తీసుకుపోయి పాత మిద్దెలు చూపిస్తాను. రెండడుగుల మందం రాతిగోడలు, రాళ్ళ నడుమ బురదమట్టి, పైన దూలాలు, దంతెలు, వాటిమీద మట్టికప్పు, వెలుతురుకు ఓ గవాక్షి. అటువంటి మిద్దెలోనే నేను పెరిగాను. ఇప్పుడు దాని వెనుక ఒక సిమెంటు గది ఉంది. ఆ గది కథే ఇది.

మట్టికప్పు వానకు ఎందుకు కారదు? పైపొరగా చౌడు పోస్తారు గనుక. చౌడులో సోడియం ఎక్కువ. అది ఉన్నచోట బంకమన్ను రేణువులు తడవగానే విడివిడిగా చెదిరి, మట్టిలోని సన్నని రంధ్రాలను పూడ్చివేస్తాయి. నీరు కిందికి దిగదు. పైరుకు పనికిరాని మన్ను ఇంటికి గొడుగైందన్నమాట! మీరూ పరీక్షించవచ్చు. రెండు డబ్బాల అడుగున చిల్లులు పెట్టి, ఒకదానిలో చౌడు, రెండోదానిలో ఎర్రమట్టి సమంగా నింపి, చెరొక గ్లాసు నీరు పోయండి. ఏది ముందు కారుతుందో చూడండి.

ఇక బరువు సంగతి. ఘనపు మీటరు మట్టి సుమారు 1,600 కిలోలు తూగుతుంది. కప్పు 20 సెంటీమీటర్ల మందం ఉంటే చదరపు మీటరుకు 320 కిలోలు. ఘనపు మీటరు కాంక్రీటు 2,500 కిలోలు. 12 సెంటీమీటర్ల కప్పుకు చదరపు మీటరుకు 300 కిలోలు. తేడా కొంచెమే! మరి చిక్కెక్కడ వచ్చింది?

ఒక గోడ ఖర్చు మిగులుతుందని మేస్త్రీ కొత్త కప్పు అంచును పాత గోడమీదే ఆనించాడు. సైన్సు చెప్పే నేనే సరేనన్నాను. మరుసటి ఏడాదికి గోడలో చూపుడువేలు దూరేంత పగులు వచ్చింది.

కారణం నేలలో ఉంది. పాత గోడ కింది మన్ను ఏళ్ళ తరబడి బరువు మోసి, అణగవలసినంత అణిగిపోయింది. కొత్త పునాది కింది మన్ను అప్పుడే అణగడం మొదలుపెట్టింది. ఒకటి నిలిచి ఉంటే మరొకటి దిగుతున్నది. రెంటినీ కట్టివేస్తే ఏదో ఒకటి చీలక తప్పదు కదా! పైగా మాది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఇటలీలో 1173లో మొదలుపెట్టిన పీసా గోపురం ఒరగడానికి కూడా ఒక పక్క మెత్తని నేల ఎక్కువ దిగడమే కారణం. 1999–2001 మధ్య ఎత్తుగా ఉన్న పక్క కింద మన్ను తోడి దాని వాలు కొంత తగ్గించారు.

ఎండ పాత్ర కూడా ఉంది. కాంక్రీటు ఒక్కో డిగ్రీ వేడికి తన పొడవులో ఇంచుమించు లక్షో వంతు సాగుతుంది. 5 మీటర్ల కప్పు 30 డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర మిల్లీమీటరు. ఇంతేనా అంటారేమో! మా ఎండాకాలంలో రోజూ పగలు సాగి, రాత్రి ముడుచుకొని, మట్టితో కట్టిన గోడను అది నెడుతూ లాగుతూ ఉంటుంది. రైలు పట్టాల నడుమ పూర్వం సందు విడిచింది ఇందుకే.

ఇంకో తప్పు కూడా చేశాం. పగులు కనబడకుండా పాత గోడకు సిమెంటు పూశాం. నేలలోని తేమ గోడలోకి ఎగబాకుతుంది. మట్టి, సున్నం పూతల గుండా అది ఆవిరైపోతుంది. సిమెంటు దాన్ని బిగబట్టింది. లోపల లవణాలు స్ఫటికాలై పూత పెచ్చులూడింది. సున్నమే మేలని మా అమ్మ ముందే చెప్పింది!

చివరకు కొత్త గదికి సొంత స్తంభాలు వేయించి, కప్పును గోడనుంచి విడదీసి, అంగుళం సందు ఉంచాం. వాన దిగకుండా సందుపైన రేకు కప్పాం. సిమెంటు గీకించి సున్నం పూయించాం.

మీ ఇంట్లో పగులుందా? దానికి అడ్డంగా పలుచని కాగితం పట్టీ అతికించి తేదీ వేయండి. తెగితే పగులు ఇంకా పెరుగుతున్నదని అర్థం. గోడ ఉబ్బినా, దూలం వంగినా ముసురు పట్టిన రాత్రి దాని కింద ఎవరినీ పడుకోనివ్వకండి, పెద్దలకు వెంటనే చెప్పండి. నానిన మట్టిమిద్దెలు నిద్రలో ఉన్నవారిమీద కూలిన వార్తలు మన సీమలో వానాకాలంలో వింటూనే ఉంటాం.

మా పట్టీ రెండు వానాకాలాలు దాటింది. తెగలేదు. రాబోయే జూన్‌లో మళ్ళీ చూడాలి.