పరిశోధనకు కొలమానం: ఉల్లేఖనాల లెక్క, దాని హద్దులు

గోదావరికి వరద వచ్చినప్పుడు డెల్టా ప్రజల దృష్టి అంతా ధవళేశ్వరం మీదనే ఉంటుంది. అక్కడి బ్యారేజి వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు చేరితే రెండవది, 17.75 అడుగులకు చేరితే మూడవది జారీ అవుతుంది. ఈ అంకెలను నమ్మి లంక గ్రామాల వారు పిల్లలను, పశువులను తీసుకొని గట్టుకు చేరుకుంటారు. అయితే ఆ కొలబద్ద చెప్పేది నీటి ఎత్తు ఒక్కటే. కాలువ చివర ఉన్న శివారు భూమికి తడి అందిందా లేదా అన్నది అది చెప్పదు; చెప్పమని దానిని ఎవరూ అడగరు. దాని హద్దు అందరికీ తెలుసు గనుకనే అది అందరికీ ఉపయోగపడుతున్నది.

విజ్ఞాన పరిశోధనను కొలవడానికి ఇరవయ్యవ శతాబ్దంలో తయారైన కొలబద్ద విషయంలో మాత్రం ఈ జాగ్రత్త కొరవడింది. ఒక శాస్త్రజ్ఞుడు ఎన్ని పత్రాలు ప్రచురించాడు, వాటిని ఇతరులు ఎన్నిసార్లు పేర్కొన్నారు అనే రెండు అంకెలను బట్టి అతని ఉద్యోగం, పదోన్నతి, పరిశోధనకు వచ్చే ధనం నిర్ణయమవుతున్నాయి. మన పిల్లలు విశ్వవిద్యాలయాలలో అడుగు పెడుతున్న ఈ రోజులలో, ఆ అంకెలు దేనిని కొలుస్తాయో, దేనిని కొలవలేవో తెలుసుకోవడం అవసరం.

కొలబద్ద ఎలా ఏర్పడింది?

శాస్త్రజ్ఞుడు తన పత్రం చివర, తాను ఏయే పూర్వ పత్రాల సహాయం పొందాడో వాటి జాబితా ఇస్తాడు. ఆ జాబితాలోని ఒక్కొక్క పేర్కోలునూ ఉల్లేఖనం అనవచ్చు. ఈ మాట మన పాఠకులకు కొత్తది కాదు. హదీసును ఎవరి నుండి ఎవరు విన్నారో చెప్పడాన్ని కూడా తెలుగులో ఉల్లేఖనం అనే అంటున్నాము. రెండింటి వెనుక ఉన్న నియమం ఒకటే: మాట ఎక్కడి నుండి వచ్చిందో చెప్పి తీరాలి.

పత్రం చివరి జాబితా వెనుకకు చూపుతుంది. దానిని తిరగవేసి ముందుకు చూపేలా చేయవచ్చునని అమెరికాకు చెందిన యూజీన్ గార్ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో ప్రతిపాదించాడు. ఒక పాత పత్రాన్ని తీసుకొని, ఆ తరువాత దానిని ఎవరెవరు పేర్కొన్నారో ఒకేచోట చూపే సూచిక అది. ఇందుకు ఆదర్శం న్యాయవాదుల వద్ద ఉంది. ఒక పాత తీర్పును తరువాతి తీర్పులు ఆమోదించాయా, కొట్టివేశాయా అని చూపే షెపర్డ్ సూచిక అమెరికాలో 1873 నుండి వాడుకలో ఉంది. గార్ఫీల్డ్ సంస్థ 613 పత్రికలను పరిశీలించి, సుమారు 14 లక్షల ఉల్లేఖనాలతో తన సూచికను తయారు చేసి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను ఒక క్రమ ప్రచురణగా స్థిరపరచింది.

దాని మొదటి ఉద్దేశం వెతుకులాట. అంటే గ్రంథాలయంలో పరిశోధకునికి దారి చూపడం. కానీ లెక్క చేతికి వచ్చాక తూకం వేయాలనే కోరిక సహజంగానే కలిగింది. డెరెక్ డి సోలా ప్రైస్ 1963లో శాస్త్ర సాహిత్యం పెరుగుదలను అంకెలతో చర్చించాడు. 1969లో రష్యాలో నలిమోవ్ ఈ విద్యకు పెట్టిన పేరే ఆంగ్లంలో సైంటోమెట్రిక్స్ అయింది. భారతదేశానికి చెందిన ఎస్. ఆర్. రంగనాథన్ అంతకు ముందే, 1948లో, గ్రంథాలయ వ్యవహారాలకు గణితాన్ని వర్తింపజేయాలని సూచించారు.

నేడు వాడుకలో ఉన్న కొలతలలో రెండు ముఖ్యమైనవి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రికకు సంబంధించినది. ఒక పత్రిక 2023, 2024 సంవత్సరాలలో కలిపి 200 పత్రాలు ప్రచురించిందనుకుందాము. 2025లో వాటికి 500 ఉల్లేఖనాలు లభిస్తే ఆ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2.5 అవుతుంది. హెచ్-ఇండెక్స్ వ్యక్తికి సంబంధించినది. దీనిని 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. ఒకరి పత్రాలలో కనీసం పదింటికి ఒక్కొక్కదానికి పదేసి ఉల్లేఖనాలైనా ఉండి, పదకొండింటికి పదకొండేసి లేకపోతే, ఆయన హెచ్-ఇండెక్స్ 10.

భీమవరం శాస్త్రజ్ఞుని ఉదాహరణ

ఈ లెక్కల గుణదోషాలను గ్రహించడానికి దూరం పోనక్కరలేదు. గోదావరి డెల్టాలోని భీమవరంలో 1895లో జన్మించి, రాజమహేంద్రవరంలో కొంతకాలం చదువుకున్న డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితమే చక్కని ఉదాహరణ.

సుబ్బారావు 1923లో అమెరికా చేరి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ వద్ద పనిచేశారు. రక్తంలోను, మూత్రంలోను ఉన్న భాస్వరాన్ని కొలిచే ఒక పద్ధతిని వారిద్దరూ కనుగొని 1925లో ప్రచురించారు. భాస్వరాన్ని మాలిబ్డేటుతో కలిపి తగిన రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. చౌకైన, సులభమైన ఈ పరీక్షను ప్రపంచంలోని ప్రయోగశాలలు దశాబ్దాల తరబడి వాడుకున్నాయి. వాడిన ప్రతివారూ ఆ పత్రాన్ని పేర్కొన్నారు. గార్ఫీల్డ్ లెక్కలలో అత్యధికంగా ఉల్లేఖించబడిన పత్రాల వరుసలో 1925 నాటి ఈ పత్రం చేరింది.

అదే పద్ధతి సహాయంతో వారు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరాలలో గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా 1929లోనే ఏటీపీని వేరుగా కనుగొన్నాడు. ప్రాణి శరీరంలో శక్తిని మోసే పదార్థం అదే. నేడు పాఠశాల పుస్తకంలో కూడా ఏటీపీ పేరు కనిపిస్తుంది. కానీ ఆ పేరు వ్రాసే వేలాది పత్రాలు 1929 నాటి పత్రాన్ని పేర్కొనవు. ఒక సత్యం అందరి సొత్తు అయిన తరువాత దాని కర్త పేరు జాబితాల నుండి జారిపోతుందని రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు వివరించాడు. కొలిచే పద్ధతికి ఉల్లేఖనాలు గుట్టలుగా పడ్డాయి. ఆ పద్ధతితో బయటపడిన గొప్ప సత్యానికి అన్ని పడలేదు.

లెక్కకు అందని మేలు

1940లో సుబ్బారావు లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం బోదకాలు వ్యాధికి డైఇథైల్ కార్బమజీన్ అనే మందు పనిచేస్తుందని 1947లో ప్రకటించింది. హెట్రజాన్ అన్నది దాని వ్యాపార నామం. మరుసటి సంవత్సరమే, 1948 ఆగస్టులో, ఆయన కన్నుమూశారు.

బోదకాలు అంటే ఏమిటో గోదావరి జిల్లాల వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఈ వ్యాధి క్రిములను ఒకరి నుండి మరొకరికి చేరవేస్తుంది. ఈ మందు రక్తంలో తిరిగే సూక్ష్మ క్రిములను నశింపజేసి వ్యాప్తిని అరికడుతుంది. ముదిరిన వాపును మాత్రం పూర్తిగా తగ్గించలేదు. భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ఆరంభించింది. 2004 నుండి వ్యాధి ఉన్న జిల్లాలలో ఇంటింటికీ ఈ మాత్రల పంపిణీని చేపట్టింది.

ఈ మందు ఫలితాన్ని కొలిచే పద్ధతి వేరు. క్రిములు రాత్రి వేళ రక్తంలో సంచరిస్తాయి గనుక, ఆరోగ్య కార్యకర్తలు రాత్రిపూట గడప గడపకూ వెళ్లి రక్తపు చుక్క సేకరిస్తారు. పరీక్షించిన వారిలో క్రిములున్నవారు నూటికి ఒకరి కంటే తక్కువకు దిగడం ఇక్కడ లక్ష్యం. ఆ మందు పత్రానికి లభించిన ఉల్లేఖనాలు భాస్వరపు పరీక్షకు లభించిన వాటితో పోల్చదగినవి కావు. కారణం స్పష్టమే. మాత్ర మింగిన రైతుకూలీ పరిశోధనా పత్రం వ్రాయడు. కాలు వాయకుండా నిలిచిన మనిషి ఏ సూచికలోనూ నమోదు కాడు.

దీనిని బట్టి ఉల్లేఖనాల లెక్క అబద్ధమని అనరాదు. భాస్వరపు పరీక్ష నిజంగానే ఎందరికో పనికి వచ్చింది. ఆ లెక్క ఆ సంగతిని నిజాయితీగా చెప్పింది. వ్రాసేవారిలో ఎందరు వాడుకున్నారన్నది దాని పరిధి. ఎందరికి మేలు జరిగిందన్నది దాని పరిధికి వెలుపలి విషయం.

పేర్ల చిక్కు

మరొక లోపం సూచిక కూర్పులో ఉంది. పాత ముద్రిత సూచికలలో ఉల్లేఖించబడిన పత్రాలను మొదటి రచయిత పేరు క్రిందనే చేర్చేవారు. కాబట్టి 1925 నాటి పత్రాన్ని ఫిస్క్ పేరు క్రింద వెతకాలి. సుబ్బారావు పేరు క్రింద వెతికితే కనబడదు. అటువంటి లెక్కతో పదోన్నతి నిర్ణయిస్తే రెండవ రచయితకు జరిగే అన్యాయాన్ని ఊహించవచ్చు.

తెలుగు ముస్లిములకు ఈ చిక్కు ఇంకా దగ్గరిది. షేక్, సయ్యద్, మహమ్మద్ అనే మాటలను సూచికలు ఇంటిపేర్లుగా భావించి, ఎందరెందరివో పత్రాలను ఒకే పేరు క్రింద పోగు చేస్తాయి. ఒకే మనిషి పేరు మూడు విధాలుగా వ్రాయబడితే ముగ్గురుగా విడిపోతాడు. దీనికి పరిష్కారంగా 2012 నుండి ఆర్కిడ్ అనే సంస్థ ప్రతి పరిశోధకునికి ఒక ప్రత్యేక సంఖ్యను ఇస్తున్నది. పరిశోధనలో అడుగు పెట్టే విద్యార్థి మొదటి పత్రం నాడే ఆ సంఖ్య తీసుకొని, తన పేరును ఎల్లప్పుడూ ఒకే విధంగా వ్రాయడం మంచిది.

పేర్ల చిక్కు ముహద్దిసులకు వెయ్యేళ్ల నాడే ఎదురైంది. ఒకే పేరు గల వేర్వేరు ఉల్లేఖకులను విడదీసి చూపడానికి ఖతీబ్ బగ్దాదీ (మరణం హిజ్రీ 463) అల్ ముత్తఫిఖ్ వల్ ముఫ్తరిఖ్ అనే గ్రంథమే రచించారు.

లెక్కించడం, తూచడం

ముహద్దిసులు కూడా లెక్క పెట్టారు. ఒక హదీసు ఎన్ని మార్గాల ద్వారా వచ్చిందో చూశారు. ప్రతి తరంలోనూ అబద్ధంపై ఏకం కావడం అసాధ్యమైనంత మంది చెబితే దానిని ముతవాతిర్ అన్నారు. కానీ అక్కడితో ఆగలేదు. మార్గాలు పదులుగా కనిపించినా అన్నీ ఒకే బలహీనమైన ఉల్లేఖకుని వద్ద కలిస్తే ఆ సంఖ్యకు విలువ ఇవ్వలేదు. అందుకే ఉల్లేఖకుల జీవితాలను, జ్ఞాపకశక్తిని, నిజాయితీని పరిశీలించే జర్హ్ వ తఅదీల్ అనే శాస్త్రం పుట్టింది. వారి లెక్క తూకానికి సహాయకారిగా ఉండేది. తూకం స్థానాన్ని ఆక్రమించలేదు.

ఉల్లేఖన సూచికలో ఈ తూకం లేదు. మెచ్చుకొని పేర్కొన్నా ఒకటే, ఖండించి పేర్కొన్నా ఒకటే. పిల్లల టీకాకు ఆటిజంతో సంబంధం అంటగట్టిన ఒక పత్రం 1998లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 2010లో ఆ పత్రిక దానిని ఉపసంహరించుకున్నది. తప్పును చూపడానికి దానిని పేర్కొన్న ఉల్లేఖనాలు కూడా దాని మొత్తంలో చేరాయి.

సూచికకు అందని విద్వత్తు మన ప్రాంతంలోనే ఉంది. హైదరాబాదులో 1888లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్, ఇబ్నె హజర్ అస్ఖలానీ రచించిన తహ్‌జీబుత్ తహ్‌జీబ్‌ను హిజ్రీ 1325 నుండి 1327 వరకు పన్నెండు సంపుటాలలో ముద్రించింది. ఉల్లేఖకుల పరిశీలనలో పండితులు చేతిలో ఉంచుకునే గ్రంథమది. వ్రాతప్రతులను సరిపోల్చి దానిని అచ్చుకు సిద్ధం చేసిన వారి శ్రమకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేదు.

కొలతే గమ్యమైతే

కొలతను బహుమతికి ముడిపెడితే మనుషులు కొలతనే పెంచడానికి పూనుకుంటారు. విశ్వవిద్యాలయ గ్రాంట్స్ కమిషన్ 2010లో అధ్యాపకుల పదోన్నతికి ప్రచురణల ఆధారంగా పాయింట్లు విధించింది. డాక్టరేటు విద్యార్థులకు కూడా పత్రం ప్రచురించి తీరాలనే నిబంధన వచ్చింది. ఆ అవసరాన్ని గమనించి, రుసుము తీసుకొని సరైన పరిశీలన లేకుండా అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. హైదరాబాదు కేంద్రంగా గల ఓమిక్స్ ప్రచురణ సంస్థ రచయితలను మోసగించే పద్ధతులు అవలంబిస్తున్నదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వ్యాజ్యం వేసింది. 2019లో అక్కడి న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పునిచ్చింది. డాక్టరేటుకు ముందు ప్రచురణ తప్పనిసరి అనే నిబంధనను కమిషన్ 2022లో తొలగించింది.

ప్రపంచంలోని శాస్త్రజ్ఞులు కూడా మేల్కొన్నారు. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి వ్యక్తి యోగ్యతను నిర్ణయించరాదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపొందిన ప్రకటన కోరింది. అంకెలు నిపుణుల తీర్పుకు తోడుగా ఉండాలే గాని దాని స్థానంలో నిలవరాదని 2015 నాటి లైడెన్ ప్రణాళిక చెప్పింది.

కాబట్టి ఒక పరిశోధకుని అంకెలు ఎదుట పడినప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఈ లెక్కలోకి ఏ భాషలు, ఏ పత్రికలు వచ్చాయి? ఈ పేరు క్రింద ఉన్నది ఒక్కరేనా? పేర్కొన్నవారు వాడుకొని పేర్కొన్నారా, ఖండించి పేర్కొన్నారా? పత్రాలు వ్రాయని ప్రజలకు ఈ పని వలన ఏమి ఒరిగింది? చివరగా, తీర్పు చెప్పే పెద్దలు ఆ పత్రాలను చదివారా? మొదటి మూడింటికి సూచికను శ్రద్ధగా పరిశీలించి జవాబు రాబట్టవచ్చు. నాలుగవ దానికి రోగుల వద్దకు, పొలాల వద్దకు వెళ్లాలి. అయిదవ దానికి చదవడం తప్ప వేరే మార్గం లేదు. ఉల్లేఖనాల సంఖ్య ఒక సాక్షి. సాక్షి మాట విని, సాక్షిని పరీక్షించి, ఆ తరువాత తీర్పు చెప్పవలసిన బాధ్యత మనుషులది.